అసింక్రనస్: కలిసి కాదంటూనే కలిసి లేచే మాట

గ్రీకులో ‘క్రోనోస్’ అంటే కాలం, ‘సిన్’ అంటే కలిసి. ముందు ‘అ’ చేరితే కాదని అర్థం. మన అసత్యం, అధర్మంలోని ‘అ’కు అది చుట్టమే. అలా పుట్టింది ‘అసింక్రనస్’.

మన పొలాల్లో నీళ్లు తోడే ఇండక్షన్ మోటారుకూ అసింక్రనస్ మోటారని ఇంకో పేరుంది. అందులోని రోటారు, కరెంటు తిప్పే అయస్కాంత క్షేత్రం కన్నా ఎప్పుడూ కాస్త వెనకబడే తిరుగుతుంది మరి.

కంప్యూటర్లో అర్థం వేరు. ఒకరి పని పూర్తయ్యేదాకా ఇంకొకరు కాచుకు కూర్చోకపోవడం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో ఒకప్పుడు స్లీప్ నుంచి పరికరాలు ఒకదాని తర్వాత ఒకటే లేచేవి. హార్డ్ డిస్క్ పళ్లెం వేగం అందుకోవడానికే కొన్ని సెకన్లు. వరుసలో వెనకున్నవాటికి పడిగాపులు. రఫాయెల్ విసోట్స్కీ రాసిన మార్పులతో, 2010లో వచ్చిన 2.6.34 కెర్నెల్ (లినక్స్ మూలభాగం) నుంచి చాలా పరికరాలు పక్కపక్కనే లేవగలుగుతున్నాయి.

అలాగని ఎవరిష్టం వారిది కాదు. కంట్రోలర్ లేవనిదే దానికి తగిలించిన డిస్క్ లేవకూడదు. నిద్రపుచ్చేటప్పుడు తిరగేసి: పిల్లలు ముందు, తల్లి తర్వాత. తమాషా ఏమిటంటే, పేరులో ‘కలిసి కాదు’ అని ఉన్నా, జరిగేది ఇంచుమించు అందరూ కలిసి లేవడమే!

పరికరాన్ని నడిపే డ్రైవర్ ఏదైనా ఈ పద్ధతిలో తడబడితే, లినక్స్‌లోని ‘పీఎం_అసింక్’ (pm_async) ఫైల్లో 0 రాస్తే చాలు, పాత వరుస పద్ధతి తిరిగొస్తుంది.