సిపాయిలు నిద్రపోతున్నప్పుడు ఎగిరిన జెండా

పొంతి పిలాతు యూదయకు అధిపతిగా వచ్చిన కొత్తలో ఒక రాత్రి రోమా సైన్యం ధ్వజాలను యెరూషలేములోకి తెప్పించాడు. వాటి మీద చక్రవర్తి ప్రతిమలున్నాయి. తెల్లవారి సంగతి తెలిసిన జనం గుంపులు గుంపులుగా కైసరయకు నడిచి వెళ్లి, అతడి నివాసం ముందు ఐదు రోజులు నేలమీద పడి ఉన్నారు. ఆరో రోజు పిలాతు సైనికులతో చుట్టుముట్టించి కత్తులు దూయించాడు. ధర్మశాస్త్రం మీరి బతకడం కన్నా చావే మేలంటూ జనం మెడలు చాచారు. చివరికి వెనక్కి తగ్గింది పిలాతే. ధ్వజాలు పట్నం దాటి వెళ్లిపోయాయి. ఈ సంగతి రాసిపెట్టినవాడు యూదు చరిత్రకారుడు జోసీఫస్.

యేసుకు సిలువ శిక్ష వేసిందీ ఈ పిలాతే. ఇక తొలి క్రైస్తవులకు జెండా అంటే స్తుతి ఎలా గుర్తొస్తుంది? తమ ప్రభువును చంపిన సైన్యమే గుర్తొస్తుంది. రోమా దండులో ధ్వజం ఉత్త గుర్తు కూడా కాదు. దానికి శిబిరం మధ్యలో గుడి ఉండేది, పండుగనాడు పూలదండలు పడేవి, సైనికులు దాని మీద ప్రమాణం చేసేవారు. కార్తేజీ నగరపు క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ సుమారు 197లో రోమా అధికారులను ఉద్దేశించి రాస్తూ, మీ సైన్యపు మతమంతా ధ్వజాల పూజే కదా అని నిలదీశాడు. ఆ తర్వాత మరో గ్రంథంలో, క్రీస్తుకు పోటీగా నిలిచే ధ్వజాన్ని క్రైస్తవుడు మోయవచ్చునా అని తన వాళ్లనే అడిగాడు. నేడు ప్రార్థనా మందిరంలో జెండా ఊపేవారికీ, అది తగదనేవారికీ తెర్తుల్లియన్ వేసిన ప్రశ్నను మించిన ప్రశ్న ఇంకా దొరకలేదు.

ఆ అనుమానానికి అవతల బైబిలు పాత నిబంధన ఉంది. ఎడారిలో ఇశ్రాయేలీయులు దిగిన తీరును సంఖ్యాకాండం 2వ అధ్యాయం వివరంగా చెబుతుంది. తూర్పున యూదా, దక్షిణాన రూబేను, పడమట ఎఫ్రాయిము, ఉత్తరాన దాను. ఒక్కో ధ్వజం కింద మూడేసి గోత్రాలు, అన్నిటికీ నడుమ ప్రత్యక్షపు గుడారం. అక్కడ ధ్వజం చెప్పేది ఎవరి చోటు ఏదో, అందరి ముఖాలు ఎటు తిరిగి ఉండాలో. అమాలేకీయులతో యుద్ధం ముగిశాక మోషే తాను కట్టిన బలిపీఠానికి యెహోవా నిస్సీ, అంటే యెహోవా నా ధ్వజం, అని పేరు పెట్టాడు. ఆ పేరుతో నేడు తెలుగునాట ప్రార్థనా మందిరాలే ఉన్నాయి. దేవుని పేరట ధ్వజమెత్తే మాట 20వ కీర్తనలో వస్తుంది. యెషయా 11వ అధ్యాయంలోనైతే రాబోయే రాజే జనాలకు ధ్వజం.

312 అక్టోబరు 28న రోము శివార్లలో మిల్వియన్ వంతెన దగ్గర జరిగిన యుద్ధంలో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ గెలిచాడు. దానితో కథ మలుపు తిరిగింది. అతడి లాబరమ్ అనే ధ్వజాన్ని కళ్లారా చూసిన బిషప్ యూసేబియస్ దాన్ని పూసగుచ్చినట్టు వర్ణించాడు. బంగారు రేకు తొడిగిన పొడవాటి ఈటె, దానికి అడ్డంగా మరో కర్ర, పైన రత్నాలు పొదిగిన బంగారు వలయంలో క్రీస్తు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాలు, కింద వేలాడే చదరపు వస్త్రం. అంతా చదివి ముచ్చటపడే లోపే ఇంకొక వివరం తగులుతుంది. వస్త్రానికి పైన చక్రవర్తి ముఖం, అతడి కొడుకుల ముఖాలు కూడా ఉన్నాయి. దాన్ని కాపాడటానికి ఏరికోరి 50 మందిని పెట్టారట. ప్రతిమ ఉందనే కదా యెరూషలేము జనం ప్రాణాలకు తెగించింది! మూడు వందల ఏళ్లకు అదే ప్రతిమ క్రీస్తు గుర్తు పక్కన చోటు సంపాదించుకుంది. రాజ్యమూ ఆరాధనా ఒకే కర్రకు వేలాడటం అక్కడే మొదలైంది. క్రూసేడుల్లో దాని ఫలితాన్ని లోకం చూసింది.

అదృష్టవశాత్తు జెండా నడిచిన దారి అదొక్కటే కాదు.

569లో గాల్ దేశంలోని పొయితియే పట్టణానికి కాన్‌స్టాంటినోపుల్ నుంచి చక్రవర్తి రెండవ జస్టిన్ సిలువ మానులోని ముక్కగా చెప్పే చెక్కను పంపాడు. దాన్ని కోరింది రాదెగుండ. భర్తను, రాజభోగాన్ని వదిలి సన్యాసినుల మఠం పెట్టుకున్న రాణి. ఆ ఊరేగింపు కోసం కవి వెనాన్షియస్ ఫార్చునేటస్ రాసిన గీతంలో సిలువే రాజు ధ్వజం. ఆ గీతాన్ని కతోలికులు పరిశుద్ధ వారంలో నేటికీ పాడతారు. 597లో ఇంగ్లండులోని థానెట్ దీవిలో అగస్టీన్ అనే సన్యాసి తన బృందంతో ఎథెల్‌బర్ట్ రాజును కలవడానికి వెళ్లినప్పుడు ముందు నడిచింది వెండి సిలువ, చెక్కపలక మీద గీసిన ప్రభువు చిత్రం. గదిలో కలిస్తే మంత్రం వేస్తారేమోనని రాజు ఆరుబయటే కూర్చున్నాడని చరిత్రకారుడు బీడ్ రాశాడు. సైన్యం లేకుండా, పాట పాడుకుంటూ, ధ్వజం పట్టుకుని ఒక రాజు ముందుకు నడిచి రావడం మామూలు సంగతి కాదు.

ఈ మార్పు మొత్తాన్ని ఒక్క చిత్రంలో చూడాలంటే ఇటలీలోని సాన్‌సెపోల్క్రో పట్టణానికి వెళ్లాలి. 15వ శతాబ్దంలో పియెరో దెల్లా ఫ్రాంచెస్కా అక్కడి గోడ మీద క్రీస్తు పునరుత్థానాన్ని చిత్రించాడు. సమాధి గట్టు మీద ఒక పాదం మోపి క్రీస్తు నిటారుగా నిలబడి ఉంటాడు. చేతిలో తెల్లని జెండా, దాని మీద ఎర్ర సిలువ. కాళ్ల దగ్గర కాపలా సిపాయిలు నిద్రలో ఒరిగిపోయి ఉంటారు. ధ్వజం ఆయుధం పట్టినవాళ్ల చేతుల్లో లేదు, గాయాలున్న చేతికి వచ్చింది. క్రైస్తవ ఆరాధనలో జెండాకు అర్థమేమిటని ఎవరైనా అడిగితే ముందుగా చూపించవలసింది ఈ గోడనే. గెలుపు ఎవరి మీద? పక్క రాజ్యం మీద కాదు, మరణం మీద.

ఆ మరణం ఇటలీ ఊళ్లకు కొత్త చుట్టం కాదు. ప్లేగు వచ్చిందంటే పెరూజా వంటి పట్టణాల్లో భక్త సమాజాలు గొంఫలోనె అనే పెద్ద గుడ్డ ధ్వజాలను చిత్రకారుల చేత రాయించి వీధుల్లో ఊరేగించేవి. 1464లో బెనెదెత్తో బోన్‌ఫీలీ వేసిన ధ్వజంలో మరియ తల్లి తన పైవస్త్రాన్ని రెండువైపులా చాపి ఊరివాళ్లను దాచుకుంటుంది. పైనుంచి పడే ప్లేగు బాణాలను ఆ వస్త్రమే ఆపుతుంది. అడుగున అస్థిపంజరం రూపంలో చావు, దాని వెనుక పెరూజా కోటగోడలు. దాన్ని మోసినవాళ్లు తమ ఊరినే, తమ భయాన్నే మోశారు. ఇలాంటి పని చిన్నదనుకోలేదు కాబట్టే కుర్రవాడైన రఫాయెల్ కూడా చిత్తా ది కస్తెల్లో పట్టణానికి ఒకటి వేసిచ్చాడు. ఇంగ్లండులో మాత్రం సంస్కరణల కాలంలో, 1547లో, రాజాజ్ఞ ఊరేగింపులనే ఆపేసింది.

దక్షిణ భారతంలో ఆ ఊరేగింపు ఆగలేదు. వేళాంగణ్ణిలో ఏటా ఆగస్టు 29న మరియమాత బొమ్మ ఉన్న జెండాను ఊరేగించి, ఆశీర్వదించి, స్తంభం మీద ఎగరేస్తేనే పండుగ మొదలైనట్టు. సెప్టెంబరు 8 దాకా సాగే ఆ రోజుల్లో తెలుగు యాత్రికుల కోసం తెలుగులోనూ పూజ ఉంటుంది. కేరళ పాత చర్చీల ముందు ధ్వజస్తంభం ఉంటుంది, పెరునాళ్ అనే పండుగ కొడియేట్టంతోనే, అంటే జెండా ఎగరేయడంతోనే, మొదలవుతుంది. గుడి ధ్వజారోహణం ఎరిగిన మనవాళ్లకు ఇందులో అర్థంకానిదేమీ లేదు.

ప్రొటెస్టంట్ల వైపు జెండాను మళ్లీ వీధిలోకి తెచ్చింది సాల్వేషన్ ఆర్మీ, మన రక్షణ సైన్యం. 1878లో కోవెంట్రీ పట్టణంలో కేథరిన్ బూత్ దాని మొదటి జెండాను అందించింది. ఎరుపు క్రీస్తు రక్తానికి, నీలం అంచు పవిత్రతకు, నడుమ పసుపు పరిశుద్ధాత్మ అగ్నికి. మొదట్లో నడుమ ఉన్నది సూర్యుడు. 1882లో ఆ చోట నక్షత్రం వచ్చింది. భారతదేశంలో పార్సీలకు సూర్యుడు పవిత్రమైనవాడు కాబట్టి మార్చామని ఆ సంస్థవారు చెబుతారు. ఆ ఏడాదే ఆ సంస్థ తరఫున ఫ్రెడరిక్ టక్కర్ బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నాడు. వీధుల్లో ఊరేగింపు తీసినందుకు సాటి తెల్లవాళ్ల పోలీసులే అతడి బృందాన్ని అరెస్టు చేశారు.

అదే జెండా తెలుగు గడ్డ మీద మరో రూపం చూసింది. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టువార్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చి, నిర్వహణ రక్షణ సైన్యానికి అప్పగించారు. బడి, వైద్యం వచ్చిన మాట నిజమే. హాజరు వేయించుకోవడం, అనుమతి చీటీ లేనిదే ఊరు దాటకూడదనడం కూడా నిజమే. ఆ చట్టం రద్దయ్యేదాకా విమోచన జెండా నీడన మనుషులు నిర్బంధంలో బతికారు. సర్కారుతో చేతులు కలిపినప్పుడల్లా ఈ జెండా తన అర్థాన్ని పోగొట్టుకుంది. లాబరమ్ నాటి జబ్బు ఇదే.

అమెరికాలో కథ ఇంకోలా నడిచింది. 1897 సెప్టెంబరు 26న బ్రూక్లిన్‌లోని కోనీ ఐలాండ్ సండే స్కూలుకు రావలసిన ఉపన్యాసకుడు రాలేదు. నిర్వాహకుడు చార్లెస్ ఓవర్టన్ అప్పటికప్పుడు లేచి, వేదిక మీది జాతీయ జెండాను చూపిస్తూ క్రైస్తవులకూ ఒక జెండా ఉంటే ఎలా ఉంటుందో మాట్లాడాడు. తెల్లని గుడ్డ, మూలన నీలి చదరం, అందులో ఎర్ర సిలువ. పదేళ్ల తర్వాత రాల్ఫ్ డిఫెన్‌డార్ఫర్‌తో కలిసి దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1942లో అక్కడి చర్చీల సమాఖ్య దాన్ని ఆమోదించింది. ఏ దేశానికీ చెందని ఆ జెండా చాలా చర్చీల్లో దేశపు జెండా పక్కనే నిలబడుతుంది. రెంటిలో ఏది కుడివైపు ఉండాలన్న తగవు కూడా దానితోపాటే వచ్చింది.

నేడు స్తుతి ఆరాధనలో కనిపించే రంగురంగుల పట్టుజెండాలు 20వ శతాబ్దం చివర కరిస్మాటిక్ ఉద్యమంతో వచ్చినవి. 1980 నుంచి యెరూషలేములో జరిగే క్రైస్తవుల పర్ణశాలల పండుగ, 1987లో లండన్‌లో మొదలైన మార్చ్ ఫర్ జీసస్ వీటికి పేరు తెచ్చాయి. వీటిలో చాలావాటి మీద బొమ్మ ఉండదు, రాత ఉండదు. సన్నని కడ్డీకి పలుచని వస్త్రం, పాట లయకు తగ్గట్టు గాలిలో తిరిగే చెయ్యి, అంతే. పట్టుకునేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. వేదిక మీద మాట్లాడే వంతు రానివాళ్లకు ఇలా ఆరాధనలో పాలు దొరకడం చిన్న విషయం కాదు. తెలుగు సంఘాల్లో కంజీర, చప్పట్లు పాతవి. ఈ జెండాలు ఇటీవలివి, అవీ కొన్నిచోట్లే. అయితే మట్టల ఆదివారం నాడు కొమ్మలు ఊపుతూ వీధుల్లో హోసన్నా పాడే పిల్లలకు ఈ పని కొత్తగా తోచదు.

కొందరు బోధకులు రంగుకో అర్థం చెప్పి పట్టికలు పంచుతున్నారు. ఊదా రాజరికం, తెలుపు పవిత్రత, బంగారు రంగు మహిమ అని. అలాంటి పట్టిక బైబిల్లో ఎక్కడా లేదు. జెండా ఊపితే శత్రుశక్తులు పారిపోతాయనడం మరీ అతి. అలా చెబితే రోమా సిపాయిల ధ్వజపూజకే తిరిగి పోయినట్టు. కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 14వ అధ్యాయంలో పౌలు ఆరాధన మర్యాదగా, క్రమంగా సాగాలంటాడు. వద్దనే కాపరులు చూపించేది ఆ మాటనే. జెండా పట్టుకునేవాళ్లు అదే మాట నేర్చుకుని, పాటను మించకుండా, పక్కవారికి తగలకుండా గోడవారన నిలబడి ఊపుతున్న చోట్ల ఎవరూ అభ్యంతరపెట్టడం లేదు.