చాలించమనే అధికారం: సభాచర్చల పరిమితుల చరిత్రపై ఒక పరిశీలన

ఒక అంశంపై ఎంతసేపు మాట్లాడవచ్చు, ఒకరు ఎన్నిసార్లు మాట్లాడవచ్చు అన్న ప్రశ్న సభ అన్న ప్రతిచోటా తలెత్తుతుంది. హద్దు లేకపోతే పట్టుదల గల కొద్దిమంది సభాకాలాన్ని ఆక్రమిస్తారు. హద్దు పెడితే, దాన్ని ఎక్కడ గీయాలో నిర్ణయించే అధికారం ఎవరికో ఒకరికి దక్కుతుంది. బ్రిటిష్ కామన్స్ సభలో 1877–1893 మధ్య రూపొందిన నియమాలను, వాటి వారసత్వం మన పార్లమెంటులో కనిపించే తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ చరిత్రను సమయపాలన కథగా చెప్పడం పరిపాటి. కాని ఆ నియమాలు మాటలు ఎక్కువైనందుకు మాత్రమే పుట్టలేదు. ఒకానొక చర్చను, అంటే ఐర్లండు చర్చను, ఆపవలసి వచ్చినందుకు పుట్టాయి.

ఒక్కరికి ఒక్కసారి

కామన్స్ సభలో ఒక ప్రతిపాదనపై ఒక సభ్యుడు ఒక్కసారే మాట్లాడాలన్న నియమం పాతదే. ఎంతసేపు అన్నదానికి మాత్రం హద్దు లేదు. పైగా చర్చను వాయిదా వేయాలని ఎవరైనా తీర్మానం పెడితే అది కొత్త ప్రతిపాదన అవుతుంది. అప్పటికే మాట్లాడినవారికి మళ్ళీ అవకాశం వస్తుంది. సభ అంతా కమిటీగా కూర్చున్నప్పుడైతే ఎన్నిసార్లైనా లేవవచ్చు. ఈ సందులన్నీ ఎరిగినవారు ఐరిష్ సభ్యుడు జోసెఫ్ బిగ్గర్. బెల్‌ఫాస్టులో పందిమాంసం వ్యాపారం చేసిన ఈయన గొప్ప వక్త కారు. ఆయన ఎత్తుగడకు వక్తృత్వంతో పని లేదు. 1875 ఏప్రిల్ 22న ఐర్లండు నిర్బంధ చట్టంపై చర్చలో ప్రభుత్వ నివేదికలు చదువుతూ దాదాపు నాలుగు గంటలు నిలబడ్డారు. చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ సభ్యునిగా తొలిసారి సభలో కూర్చున్నది ఆ రోజే.

1877 జూలై 27న ప్రభుత్వపక్ష నాయకుడు స్టాఫర్డ్ నార్త్‌కోట్ ప్రతిపాదనపై సభ కొత్త కట్టుబాట్లు చేసుకుంది. కమిటీలో ఒకే అంశంపై ఒక సభ్యుడు వాయిదా కోరే తీర్మానాన్ని ఒక్కసారికి మించి పెట్టరాదన్నది వాటిలో ఒకటి. నాలుగు రోజులు తిరగకుండానే దక్షిణాఫ్రికా బిల్లుపై సభ 26 గంటలు సాగింది. తలకొక్కసారి అన్న లెక్క ఒంటరివాణ్ణి ఆపగలదు గాని, వంతులు వేసుకున్న జట్టును ఆపలేదని ఆ రాత్రి తేలిపోయింది.

నలభై ఒక్క గంటలు

1881 జనవరిలో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం, ఐర్లండులో అనుమానితులను విచారణ లేకుండా నిర్బంధించే బిల్లు తెచ్చింది. జనవరి 31 సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు మొదలైన సభ మంగళవారమంతా, ఆ రాత్రంతా సాగింది. సభాపతి హెన్రీ బ్రాండ్, ఆయనకు బదులుగా లయన్ ప్లేఫేర్ వంతులవారీగా పీఠంపై కూర్చున్నారు. బుధవారం ఉదయం తొమ్మిది దాటాక బ్రాండ్ తిరిగి వచ్చి, ఇక ఎవరినీ మాట్లాడనీయనని ప్రకటించి ప్రతిపాదనను ఓటుకు పెట్టారు. అలా చేసే అధికారం ఆయనకు ఏ నియమమూ ఇవ్వలేదు. సభ పరువును కాపాడడానికి తన బాధ్యతపైనే చేస్తున్నానన్నారు. అయితే సభా నియమాలను మార్చే పని గ్లాడ్‌స్టన్ చేపట్టాలన్న షరతుపై ముందే ఒప్పందం కుదిరింది. అంటే ఆ ఉదయపు నిర్ణయం విసుగు పుట్టించినది కాదు. లెక్క చూసుకొని చేసినది.

మరునాడు మైకేల్ డావిట్ అరెస్టుపై గొడవ చెలరేగి 36 మంది ఐరిష్ సభ్యులు సస్పెండయ్యారు. వారు లేని సభలో, సభాపతికి అత్యవసర అధికారాలిచ్చే తీర్మానం నెగ్గింది. బిల్లు మార్చిలో చట్టమైంది. అక్టోబరులో ఆ చట్టం కిందే పార్నెల్‌ను కిల్‌మైన్‌హమ్ జైలులో పెట్టారు. చర్చకు పెట్టిన హద్దు వెల ఏమిటో తెలియాలంటే ఈ వరుసను విడదీయకుండా చూడాలి.

అత్యవసరమన్నది 1882లో శాశ్వత నియమమైంది. 1887లో ఆ అధికారం సభాపతి నుండి సభ్యుల చేతికి వచ్చింది: ఎవరైనా చర్చ ముగించమని కోరవచ్చు, అల్పసంఖ్యాకుల హక్కులకు భంగమని తోస్తే సభాపతి నిరాకరించవచ్చు. అదే ఏడాది జూన్‌లో మరో ఐర్లండు బిల్లుకు, ఫలానా గంటకు చర్చ తెగిపోయే ‘గిలటిన్’ విధించారు.

ఆ కత్తి ఎవరిదో చెప్పడం కష్టమని 1893 చూపింది. ఐర్లండుకు స్వపరిపాలన ఇచ్చే బిల్లును ఇప్పుడు గ్లాడ్‌స్టన్ తెచ్చారు. దాన్ని సాగదీసినవారు ఐర్లండు వ్యతిరేకులు. గిలటిన్‌కు ఓటేసినవారిలో ఐరిష్ సభ్యులు ఉన్నారు. జూలై 27 రాత్రి పది గంటలకు కత్తి పడే వేళ కామన్స్ సభలోనే ముష్టియుద్ధం జరిగింది. అంత తంటాలు పడి నెగ్గించిన బిల్లును ప్రభువుల సభ సెప్టెంబరులో 41 ఓట్లపై 419 ఓట్లతో తిరస్కరించింది.

మన నియమంలో మారిన మాట

భారత రాజ్యాంగ పరిషత్తు చర్చలు మరో దారిలో నడిచాయి. ముసాయిదాపై 7,635 సవరణలకు నోటీసులు వచ్చాయి. 2,473 సభ ముందుకు వచ్చాయి. ఆలస్యంపై విమర్శలు లేకపోలేదు. అయినా 1949 నవంబరు 25న అంబేద్కర్, పదే పదే సవరణలతో లేచిన కామత్, కె.టి. షా, కుంజ్రూ వంటివారిని పేరుపేరునా స్మరించి కృతజ్ఞత చెప్పారు. వారు అడగకపోతే రాజ్యాంగ సూత్రాలను వివరించే సందర్భమే తనకు వచ్చేది కాదని ఆయన భావం.

లోక్‌సభ 362వ నియమం 1887 నాటి బ్రిటిష్ నియమానికి దగ్గరి చుట్టం. ఒక మాట మాత్రం మారింది. అక్కడ సభాపతి కాపాడవలసినది అల్పసంఖ్యాకుల హక్కులను. ఇక్కడ సముచిత చర్చ జరిగే హక్కును. మొదటిది మనుషులకు చెందిన హక్కు, రెండవది చర్చకు చెందినది. ‘సముచితం’ ఎంతో సభాపతి తేల్చవలసిందే. నా దృష్టిలో ఈ మార్పు చిన్నది కాదు.

పద్దులపై గిలటిన్ మన సభలో ఏటా పడేదే. 2018 మార్చి 14న మాత్రం పద్దులన్నీ చర్చ లేకుండానే గిలటిన్ పాలయ్యాయి. ఆర్థిక బిల్లు, ద్రవ్య వినిమయ బిల్లు కూడా అలాగే ఆమోదం పొందాయి. సభామధ్యంలో నిరసన తెలుపుతున్నవారిలో ప్రత్యేక హోదా కోరుతున్న ఆంధ్రప్రదేశ్ సభ్యులు, రిజర్వేషన్ల పెంపు కోరుతున్న తెలంగాణ సభ్యులు ఉన్నారు. బ్రాండ్ 1881లో మాటలు తెగనందుకు చర్చను ఆపారు. ఇక్కడ మాట వినబడని సభలో ఓటింగు జరిగింది. తరువాత ఆంధ్ర సభ్యులు ఇచ్చిన అవిశ్వాస నోటీసులు, సభ అదుపులో లేదన్న కారణంతో ఆ సమావేశాల్లో చర్చకు రాలేదు. జూలై 20న అవిశ్వాస తీర్మానంపై చర్చ జరిగింది. ఆ ఏటి పద్దులపై మాత్రం జరగలేదు.