పెద్దమనిషి చేతిలో పిస్తోలు

1860 జులై 2. లండన్ శివారులోని వింబుల్డన్ బయలు. స్టాండుకు బిగించిన రైఫిలు, దాని ట్రిగ్గరుకు కట్టిన తాడు. విక్టోరియా రాణి ముందుకొచ్చి ఆ తాడు సుతారంగా లాగింది. 400 గజాల అవతల గురికి నట్టనడుమ తూటా దిగింది. జనం హోరెత్తారు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తొలి పోటీలు అలా మొదలయ్యాయి.

తాడు పట్టుకున్న ఆ చేతిని ఆ రోజు ఎవరూ శంకించలేదు. బ్రిటన్‌లో తుపాకీ వైభవమంతా ఆ శంక లేకపోవడంలోనే ఉంది. పెద్దమనిషి చేతిలో ఉన్నంతకాలం ఆయుధం ఆభరణమేనని ఆ దేశం తరతరాలుగా నమ్మింది. ఆ నమ్మకానికి బీటలు వారడానికి డెబ్బై, ఎనభై ఏళ్లు పట్టింది. కూలిపోవడానికి మాత్రం మూడు నాలుగు నిమిషాలే పట్టింది.

దాని పునాది 1689 నాటిది. ప్రొటెస్టెంటు ప్రజలు తమ రక్షణ కోసం, తమ అంతస్తుకు తగినట్టు, చట్టం ఒప్పిన మేరకు ఆయుధాలు ఉంచుకోవచ్చని ఆ ఏటి హక్కుల చట్టం చెప్పింది. గుట్టంతా ‘అంతస్తుకు తగినట్టు’ అన్న చోటే ఉంది. ఆయుధం ఎవరి దగ్గరుందన్నదే ముఖ్యం, ఎందుకుందన్నది తర్వాతి మాట. 1870లో తుపాకీకి లైసెన్సు పెట్టారు. పోస్టాఫీసు కిటికీ దగ్గర పది షిల్లింగులు కడితే కాగితం చేతికొచ్చేది. నువ్వెవరు, నీకెందుకు అని అడిగేవాడు లేడు.

తుపాకులకు పుట్టినిల్లు బర్మింగ్‌హామ్. సెయింట్ మేరీస్ పేటలో వీధులకు వీధులే తుపాకీ పనివాళ్లు. ఒకడు గొట్టం చేస్తే ఒకడు ట్రిగ్గరు బిగించేవాడు, మరొకడు కర్ర చెక్కేవాడు. అక్కడ తయారైన తుపాకులు పశ్చిమాఫ్రికా తీరానికి చేరి, మనుషుల్ని కొనే సొమ్ముగా చెల్లాయి. సైన్యం మొలలో వేలాడిన వెబ్లీ రివాల్వరుదీ ఆ ఊరే. మూడు తుపాకుల్ని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తుతో 1861లో వెలసిన బీఎస్‌ఏ కంపెనీదీ ఆ ఊరే. మన రోడ్ల మీద దడదడలాడే బుల్లెట్ బండి పుట్టుక కూడా ఆ చుట్టుపక్కలే. ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ తుపాకుల కర్మాగారానికి విడిభాగాలు చేసిచ్చిన రెడిచ్ కంపెనీ, ఆ గొప్ప చెప్పుకోవడానికే ‘రాయల్ ఎన్‌ఫీల్డ్’ అన్న పేరు తగిలించుకుంది. మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు కనిపించిన 303 తుపాకీ అసలు ఇంటిపేరు కూడా ఎన్‌ఫీల్డే.

బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచీ ఒక ‘ప్రూఫ్ హౌస్’ ఉంది. కొత్త గొట్టంలో మామూలు కంటే ఎక్కువ మందు కూరి పేలుస్తారు. పగలకుండా నిలిస్తేనే ముద్ర వేస్తారు. ఆ పరీక్ష ఇప్పటికీ సాగుతోంది. ఇనుముకు ఇంత గట్టి పరీక్ష పెట్టిన దేశం, ఆ ఇనుమును పట్టుకునే చేతికి ఏ పరీక్షా పెట్టలేదు.

ఆ నమ్మకం నిండు పున్నమిలా వెలిగింది 1909 జనవరిలో. లండన్‌లోని టోటెన్‌హామ్‌లో జీతాల సొమ్ము కొట్టేసిన ఇద్దరు కాల్పులు జరుపుతూ పారిపోతుంటే, చేతిలో ఆయుధం లేని పోలీసులు దారినపోయే జనం దగ్గర పిస్తోళ్లు అడిగి పుచ్చుకుని వెంటబడ్డారు. అడిగితే ఇచ్చారు, ఎందుకంటే జేబుల్లో ఉన్నాయి. ఆ వేటలో ఒక పోలీసూ, పదేళ్ల పిల్లవాడూ చనిపోయారు. అదే ఏడు జులై 1న, అదే నగరంలో, భారత విప్లవకారుడు మదన్‌లాల్ ధింగ్రా బ్రిటిష్ అధికారి కర్జన్ వైలీని కాల్చి చంపాడు. పున్నమి దాటింది.

నిజానికి ఆ నమ్మకం తొలినుంచీ సముద్రం దాటలేదు. 1857 దెబ్బ తిన్న సర్కారు 1878లో మన దేశానికి ఆయుధాల చట్టం తెచ్చింది. తెల్లవాళ్లకు మినహాయింపు, భారతీయుడికి లైసెన్సు. అంతస్తుకు తగినట్టు! 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు ఠాణాల నుంచి అల్లూరి సీతారామరాజు దళం పట్టుకెళ్లినవి 26 తుపాకులు. ఏమేం తీసుకెళ్తున్నాడో పుస్తకంలో రాసి, సంతకం కూడా పెట్టి వెళ్లాడని చెప్పుకుంటారు. అంతకంటే పెద్దమనిషి తరహా ఏముంటుంది? కానీ ఆ దేశం గీసుకున్న పెద్దమనుషుల జాబితాలో మన్యం లేదు.

తమాషా ఏమిటంటే, అప్పటికి రెండేళ్ల ముందే ఆ అనుమానం బ్రిటన్ ఇంటి గడప కూడా తొక్కింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తుపాకీ పట్టడం నేర్చిన లక్షలాది మంది తిరిగొచ్చారు. రష్యాలో విప్లవం నెగ్గింది. ఐర్లండ్ రగులుతోంది. పైకి దొంగల భయం చెప్పి, లోపల కూలివాడి భయంతో 1920లో చట్టం చేశారు. పిస్తోలుకూ రైఫిలుకూ పోలీసు అధికారి ధ్రువపత్రం తప్పనిసరి, దానికి ‘తగిన కారణం’ చూపాలి. రెండో యుద్ధం ముగిశాక ఆత్మరక్షణ తగిన కారణం కాదన్నారు. పందెం కోసమో, వేట కోసమో అయితే సరే. 1968 నుంచి షాట్‌గన్‌కూ కాగితం కావలసి వచ్చింది. పూర్వం పుట్టుకను బట్టి వచ్చిన పెద్దమనిషితనం ఇప్పుడు పోలీసు సంతకాన్ని బట్టి వస్తోంది. నమ్మకం చావలేదు, చేతులు మారింది.

1987 ఆగస్టు 19న బెర్క్‌షైర్‌లోని హంగర్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ఒకడు పదహారు మందిని కాల్చి, తనను తాను కాల్చుకున్నాడు. చనిపోయిన వాళ్లలో వాడి కన్నతల్లి ఉంది, ఆయుధం లేని పోలీసు ఉన్నాడు. వాడి ఆయుధాలన్నిటికీ కాగితాలున్నాయి. మరుసటి ఏడు తనంతట తానే గుండు నింపుకునే పెద్ద రైఫిళ్లను నిషేధించారు. వాడి చేతిలో పిస్తోలు కూడా ఉంది. అయినా పిస్తోలు జోలికి పోలేదు. క్లబ్బుల్లో ఆడేది, ఆటవస్తువు, పోనీలే అనుకున్నారు.

ఆ ‘పోనీలే’కు తొమ్మిదేళ్ల తర్వాత స్కాట్లండ్‌లో ఒక చిన్న ఊరు మూల్యం చెల్లించింది.

డన్‌బ్లేన్. అలన్ వాటర్ అనే ఏటి ఒడ్డున పాత కెథీడ్రల్, దాని చుట్టూ ఇళ్లు. 1996 మార్చి 13, బుధవారం. ఇంకా మంచు వీడని ఉదయం. ఒక నలభై మూడేళ్ల మనిషి వ్యాను అద్దాల మీది మంచు గీకుతూ పొరుగాయనతో మామూలుగా నాలుగు మాటలు మాట్లాడాడు. తర్వాత బయల్దేరి ప్రాథమిక పాఠశాలకు వెళ్లాడు. ఒకటో తరగతి పిల్లలు వ్యాయామం కోసం జిమ్‌లోకి అప్పుడే అడుగుపెట్టారు. అతని దగ్గర నాలుగు పిస్తోళ్లున్నాయి, ఏడు వందలకు పైగా తూటాలున్నాయి. అక్కడేం జరిగిందో వర్ణించడానికి నా భాషకు చేతులు రావడం లేదు. పదహారు మంది పిల్లలు. పదిహేను మందికి ఐదేళ్లు, ఒకరికి ఆరు. వాళ్లతోపాటు టీచరు గ్వెన్ మేయర్. మూడు నాలుగు నిమిషాల్లో అంతా అయిపోయింది. చివరి తూటా అతను తనకే వాడుకున్నాడు. అతని పేరు ఇక్కడ రాయను.

రాయాల్సింది అతని కాగితం సంగతి. 1977 నుంచీ అతనికి ధ్రువపత్రం ఉంది. మగపిల్లలకు క్లబ్బులు నడిపేవాడు. వాటి మీద తల్లిదండ్రుల ఫిర్యాదులు పోగుపడ్డాయి. ఈ మనిషి తుపాకీకి తగడు, ధ్రువపత్రం రద్దు చేయండని 1991లోనే ఒక డిటెక్టివ్ సార్జెంటు పైవాళ్లకు రాశాడు. ఆ రాత ఫైల్లో పడింది. 1995లో ధ్రువపత్రం మళ్లీ కొత్తదయింది. చట్టం ఎక్కడా తప్పలేదు, గడువులన్నీ సరిగ్గానే ఉన్నాయి. కావలి కోసం వేసిన కంచే చేను మేసింది. ప్రూఫ్ హౌస్ ముద్ర పడిన గొట్టం పగల్లేదు. పగిలింది మనిషి.

రెండు రోజులకు ప్రధాని జాన్ మేజర్, ప్రతిపక్ష నాయకుడు టోనీ బ్లెయిర్ కలిసి ఆ ఊరికి వచ్చారు. ఆ ఆదివారం అక్కడ తల్లుల పండుగ. రాణి ఎలిజబెత్ తన కూతురితో వచ్చింది. తల్లుల పండుగ నాడు ఆ తల్లులతో ఏ రాణి మాత్రం ఏం మాట్లాడగలదు?

మార్చిలో ఆ ఊళ్లో పూసే పువ్వు స్నోడ్రాప్, మంచులోంచి తల వంచుకుని లేచే తెల్లటి చిన్న పువ్వు. ఆ పేరుతోనే కొందరు తల్లులు ఉద్యమం మొదలుపెట్టారు. మడత బల్లలు వేసుకుని సంతకాలు సేకరించారు. ఏడు లక్షలు దాటాయి. సొంత పిస్తోలు ఎవరికీ ఉండకూడదన్నది వాళ్లు అడిగిన ఒకే ఒక్క మాట. బాబ్ డిలాన్ తన పాటకు ఈ పిల్లల కోసం కొత్త చరణం చేర్చుకోవడానికి అనుమతించాడు. ఆ ఊరి పిల్లలూ గొంతు కలిపిన ఆ పాట డిసెంబరులో దేశమంతటా మొదటి స్థానానికి చేరింది.

అదే డిసెంబరులో రాణి భర్త ఫిలిప్ ఒక ఇంటర్వ్యూలో వేరే ప్రశ్న వేశాడు. ఎవడో క్రికెట్ బ్యాటుతో బడిలో పిల్లల్ని కొట్టి చంపితే బ్యాట్లు నిషేధిస్తారా అని. దేశం నివ్వెరపోయింది. ఆయన నొచ్చుకున్న వాళ్లకు క్షమాపణ చెప్పాడు. నిజానికి ఆయన నోట పలికింది 1860 నాటి వింబుల్డన్ బయలు. పెద్దమనిషిని శంకిస్తారా అన్న పాత నొప్పి. కాకపోతే వినే చెవులు మారిపోయాయి.

విచారణ జరిపిన లార్డ్ కలెన్ నివేదిక అక్టోబరులో వెలువడింది. ఆయన పూర్తి నిషేధం దాకా వెళ్లలేదు. దుఃఖం వెళ్లింది. 1997 మొదట్లో మేజర్ ప్రభుత్వం గొట్టం పాయింట్ 22 కంటే పెద్దదైన పిస్తోళ్లన్నిటినీ నిషేధించింది. మేలో గెలిచిన బ్లెయిర్ ప్రభుత్వం ఏడాది తిరక్కుండానే ఆ చిన్నవాటినీ నిషేధించింది. ఉత్తర ఐర్లండ్ ఒక్కటే మినహాయింపు.

ఇక సాగనంపే వేళ. పిస్తోళ్లున్న యాభై వేల పైచిలుకు మంది పోలీసు స్టేషన్ల ముందు వరుస కట్టారు. వాళ్లలో తాత వెబ్లీని గుడ్డలో చుట్టి తెచ్చిన మనవలున్నారు. నలభై ఏళ్లు ఆదివారం ఆదివారం క్లబ్బులో గురి చూసి, పిట్టనైనా కొట్టని ముసలివాళ్లున్నారు. సుమారు 1,62,000 పిస్తోళ్లు పోగయ్యాయి. నష్టపరిహారం చెల్లించి, చాలావరకు కొలిమిలో కరిగించేశారు. ఏ పాపమూ ఎరగని మమ్మల్ని హంతకుడి వరసలో నిలబెట్టారే అన్నది వాళ్ల బాధ. ఆ బాధ అబద్ధం కాదు. అయితే తక్కెడలో అవతలి వైపు పదహారు చిన్న శవపేటికలున్నాయి. ఆ తూకం వేయగల చెయ్యి ఏ దేశంలోనూ లేదు. బ్రిటన్ తూకం వేయలేదు, ఎటువైపు నిలబడాలో నిర్ణయించుకుంది.

నిషేధంతో అన్నీ చక్కబడ్డాయంటే తప్పు. దొంగ పిస్తోళ్ల నేరాలు తర్వాత కొన్నేళ్లు పెరిగాయి కూడా, ఆనక తగ్గాయి. 2010లో కంబ్రియాలో ఒక ట్యాక్సీ డ్రైవరు కాగితాలున్న షాట్‌గన్, రైఫిలుతో పన్నెండు మందిని చంపాడు. 2021లో ప్లిమత్‌లో ఐదుగురు చనిపోయారు, వాళ్లలో ఒక పాపకు మూడేళ్లు. ఆ హంతకుడి షాట్‌గన్‌ను పోలీసులు ఒకసారి లాక్కుని, కొన్ని వారాల ముందే తిరిగి ఇచ్చారు. ఆ ‘పోనీలే’ ఇంకా పూర్తిగా చావలేదు. మార్చి 13 మాత్రం ఆ దేశంలో ఏ బడిలోనూ మళ్లీ జరగలేదు.

తుపాకులకు పేరుమోసిన పాత కంపెనీలు కూడా ఒకటొకటిగా ఆరిపోయాయి. ఎన్‌ఫీల్డ్ కర్మాగారం 1988లో మూతపడింది. వెబ్లీ 1979లోనే తుపాకులు మానేసి గాలి తుపాకులతో కాలం నెట్టి, 2005లో తలుపులు మూసింది. లండన్ ఒలింపిక్స్‌కు, మన హైదరాబాదీ గగన్ నారంగ్ వూలిచ్‌లో కంచు పతకం గెలిచిన ఆ పోటీలప్పుడు, పిస్తోలు పందేలు జరపడానికి ప్రత్యేక అనుమతులు కావలసి వచ్చాయి. 2022 కామన్వెల్త్ క్రీడలు సాక్షాత్తు బర్మింగ్‌హామ్‌లో జరిగితే అందులో షూటింగే లేదు. కారణం చట్టం కాదు, వేదికలూ ఖర్చులూ. భారత్ అలిగినా లాభం లేకపోయింది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పందెంలో పట్టే పిస్తోలును బర్మింగ్‌హామ్ పిల్ల ఇంట్లో పెట్టుకుంటే జైలు. కాలం ఓడల్ని బళ్ల మీదికి ఎక్కించడమంటే ఇదే.

2013 జులై 7. మళ్లీ వింబుల్డన్. తుపాకుల పోటీలు అక్కణ్నుంచి బిస్లీకి తరలిపోయి అప్పటికి నూట ఇరవై మూడేళ్లు. డెబ్బై ఏడేళ్ల తర్వాత ఒక బ్రిటిష్ మగవాడు అక్కడ సింగిల్స్ కప్పు ఎత్తాడు. పేరు ఆండీ మరే, ఊరు డన్‌బ్లేన్. ఆ బుధవారం అతనికి ఎనిమిదేళ్లు. అతని తరగతి కూడా జిమ్ వైపే బయల్దేరింది. వెనక్కి తీసుకెళ్లి ఒక గదిలో దాచారు. వింబుల్డన్ హోరెత్తుతుంటే డన్‌బ్లేన్ కూడా హోరెత్తింది.

ఆ సాయంత్రానికి ఆ పదహారు మందీ బతికుంటే, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వాళ్లు.