మందిరం కొలత, అర్జీ భాష: కడప జిల్లా మూడు పట్టణాల నేపథ్యంలో చర్చి కట్టడాల అనుమతిపై పరిశీలన

పట్టణ మాస్టర్ ప్లాన్ పటంలో సాధారణంగా ఇళ్లకు పసుపు, వ్యాపారానికి నీలం, ప్రభుత్వ సంస్థలకు ఎరుపు, పొలాలకు ఆకుపచ్చ రంగులు వేస్తారు. ప్రార్థనా స్థలానికి విడిగా రంగు ఉండదు. నివాస జోన్లో అనుమతించే వాడుకల జాబితాలో బడి, దవాఖానా సరసన అదీ ఒక పేరుగా చేరుతుంది. ఆ పేరు కింద ముప్పై మంది కూర్చునే రేకుల షెడ్డూ వస్తుంది, మూడు వేల మంది పట్టే ఆరాధన మందిరమూ వస్తుంది. పెద్ద చర్చి కట్టబోతే జరిగే గొడవల్లో చాలావాటికి మూలం ఇక్కడుందని నా వాదన. జాబితా పరిమాణాన్ని అడగదు కాబట్టి ఆ ప్రశ్న మరో దారిన, మరో భాషలో కలెక్టరేట్‌కు చేరుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులను ముందు పెట్టుకుని ఈ సంగతి చూద్దాం.

మూడూ ఒకే జిల్లాలోవైనా ఒక్క తీరు ఊళ్లు కావు. 2011 లెక్కల ప్రకారం ప్రొద్దుటూరు జనాభా లక్షా అరవై వేలు దాటింది, పులివెందులది సుమారు 65 వేలు, జమ్మలమడుగుది 46 వేలు. ప్రొద్దుటూరు 1915 నుంచే మున్సిపాలిటీ. బంగారం అంగళ్లు, బట్టల వ్యాపారం, దసరాకు వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి ఉత్సవం, ఆటో తిరగడానికి కూడా ఇబ్బందయ్యే పాత బజారు సందులు, ఇదీ ఆ ఊరు. పెన్నా ఒడ్డునే ఉన్న జమ్మలమడుగుకు గండికోట దగ్గరే. కోటలో జుమ్మా మసీదు, మాధవరాయ ఆలయం దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. అవి వెలిసిన కాలంలో చుట్టూ ఖాళీ వదలమనే సెట్‌బ్యాక్ నిబంధనలు లేవనుకోండి.

ఈ ప్రాంతంలో ప్రొటెస్టెంట్ క్రైస్తవం లండన్ మిషనరీ సొసైటీ చేతుల మీదుగా పాదుకుంది. కడపలో ఆ సొసైటీ పని 1820ల్లో మొదలైంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంప్‌బెల్ జమ్మలమడుగులో వైద్యసేవ ప్రారంభించారు. ఆయన పేరుతోనే క్యాంప్‌బెల్ ఆస్పత్రి ఇప్పటికీ ఉంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడ్డాక ఈ మిషన్ ఆస్తులు దాని కిందికి వచ్చాయి. ఆనాటి మిషన్ కాంపౌండ్లు తరచుగా ఊరి అంచున, విశాలమైన జాగాల్లో ఉండేవి. చర్చి, బడి, ఆస్పత్రి, పాస్టరు గారి ఇల్లు అన్నీ ఒకే ప్రహరీలో. తర్వాత ఊళ్లు పెరిగి ఆ ప్రహరీలను చుట్టేశాయి. అలాంటి పాత చర్చికి కొత్త అంతస్తు వేయాలన్నా గేటు ముందున్న రోడ్డు ఇరుకే తప్ప లోపల స్థలానికి లోటుండదు. కాగితాలూ సాధారణంగా ఉంటాయి.

కాగితాలు లేనిది రెండో రకం మందిరాలకు. పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి కడప ప్రాంతంలో క్రైస్తవంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. వాళ్లుండే పల్లెల్లో జాగా అంటే గ్రామకంఠమో, ప్రభుత్వం అసైన్ చేసిన డీకేటీ పట్టానో. 2023లో సవరణ వచ్చేదాకా డీకేటీ భూమిని సాధారణంగా అమ్మడానికీ, దానం ఇవ్వడానికీ వీల్లేదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం చెప్పింది అదే. ఒక సంఘస్తుడు తన పట్టా స్థలంలో నాలుగు సెంట్లు మందిరానికి ఇచ్చాడనుకోండి, అప్పట్లో ఆ ఇవ్వడమే చెల్లదు. సొసైటీ పేరున దస్తావేజు పుట్టదు. దస్తావేజు లేనిదే ప్లానుకు అప్రూవల్ రాదు, అప్రూవల్ లేని కట్టడం అక్రమ కట్టడం. ముందు రేకులు వేస్తారు, తర్వాత గోడ లేస్తుంది, కరెంటు మీటరు వస్తుంది, ఇంటి పన్ను రసీదు కూడా వస్తుంది. అందరూ ఏళ్ల తరబడి అందులో ప్రార్థన చేసుకుంటారు. ఎవరో ఒకరు అర్జీ పెట్టిన రోజునే అది అక్రమమని అందరికీ గుర్తొస్తుంది. ఊళ్లో రచ్చబండ పక్క రాములవారి గుడి కాగితాలూ ఇంతకన్నా మెరుగ్గా ఉంటాయన్న నమ్మకం నాకు లేదు. కాకపోతే వాటిని అడిగేవాళ్లు తక్కువ. ఇక్కడ 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఇంకో చిక్కు తెచ్చింది. క్రైస్తవులమని రాయించుకుంటే ఎస్సీ హోదా పోతుంది. అందుకే మందిరంలో కనిపించే సంఖ్య జనగణనలో కనిపించదు. ‘‘ఇక్కడ క్రైస్తవులే లేరు, ఇంత పెద్ద చర్చి ఎందుకు?’’ అన్న అభ్యంతరం ఈ తేడా మీద నిలబడుతుంది.

ఇక చట్టం. కోస్తా, రాయలసీమలకు పట్టణ ప్రణాళిక మద్రాసు వారసత్వం. 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టమే పేరు మార్చుకుని ఆంధ్ర ప్రాంతానికి వచ్చింది. పొలాన్ని వ్యవసాయేతర అవసరానికి మార్చడానికి 2006లో మరో చట్టం (2025లో రద్దయింది), మున్సిపాలిటీల్లో కట్టడాలకు 2017 నాటి భవన నిబంధనలు తోడయ్యాయి. వీటన్నిటి చూపూ స్థలం మీదే ఉంటుంది: రోడ్డు వెడల్పు ఎంత, ఎత్తెంత, చుట్టూ ఎంత వదిలారు, బండ్లు ఎక్కడ నిలుపుతారు అనే. దానికి సమాంతరంగా మద్రాసు నుంచే వచ్చిన మరో సంప్రదాయం ఉంది. అది మతపరమైన కట్టడాన్ని మామూలు కట్టడంగా చూడదు. తమిళనాడు పంచాయతీ భవన నిబంధనలు, 1997లో దీని రూపం స్పష్టంగా కనిపిస్తుంది. వాటి ప్రకారం బహిరంగ ఆరాధనకు వాడే స్థలానికి జిల్లా కలెక్టరు ముందస్తు ఆమోదం కావాల్సి ఉండేది. శాంతిభద్రతలకు ముప్పని తోస్తే కలెక్టరు కాదనగలిగేవారు. కేరళలో కూడా మత ఘర్షణల నివారణ మార్గదర్శకాల కింద ఇలాంటి తనిఖీ నడిచేది.

శాంతిభద్రతల గురించిన ఈ రెండో ప్రశ్నలోనే చిక్కంతా ఉంది. రోడ్డు ఎంత వెడల్పని అడిగితే జవాబు టేపుతో కొలిస్తే వస్తుంది. గొడవ జరుగుతుందా అని అడిగితే జవాబు గొడవ చేయగలవాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే ‘శాంతిభద్రతలకు విఘాతం’ అనే మాట అర్జీల్లో అంత తరచుగా కనిపిస్తుంది. పార్కింగ్ గురించి రాస్తే ఫైలు టౌన్ ప్లానింగ్ సెక్షనుకు పోతుంది, శాంతిభద్రతలని రాస్తే ఎస్ఐ గారికి పోతుంది. ఎస్ఐ గారు ‘రెండు వర్గాల మధ్య ఉద్రిక్తత ఉంది’ అని రిపోర్టు రాస్తే, ఆ ఉద్రిక్తత పుట్టించినవాళ్లకే వీటో హక్కు దక్కినట్టు. ఎదురు చెప్పేవాళ్లందరి మనసులోనూ ద్వేషమే ఉందని ఇక్కడ అనడం లేదు. ఆదివారం ఉదయం వాకిలి ముందు నలభై బైకులు ఆపితే ఎవరికైనా కోపం వస్తుంది. ఆ కోపానికి ఒక గళ్లు గీసిన ఫారం ఉంటే సరిపోయేది. అది లేక మతం మాట ఎత్తుతారు.

సుప్రీంకోర్టు 2000 ఆగస్టు 30న తీర్పిచ్చిన చర్చ్ ఆఫ్ గాడ్ కేసు దీనికి మంచి ఉదాహరణ. మద్రాసులో కేకేఆర్ మెజెస్టిక్ కాలనీ సంక్షేమ సంఘం, ఆ కాలనీ పక్కనే ఉన్న పెంతెకొస్తు సంఘం మీద ఫిర్యాదు చేసింది. లౌడ్ స్పీకర్లు, డ్రమ్ములతో నిద్ర లేకుండా పోతోందన్నది ఆరోపణ. రోడ్డు మీద వాహనాల శబ్దమే ఎక్కువని, తమ మతకార్యాలను ఆపించడానికే ఈ ఫిర్యాదని చర్చి వాదించింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదంటూ కోర్టు చర్చి అప్పీలును కొట్టేసింది. చర్చిని అక్కడి నుంచి తీసేయమనలేదు, శబ్దాన్ని హద్దుల్లో ఉంచమంది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితి పెట్టాయి. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. క్యాంప్‌బెల్ ఆస్పత్రి చుట్టూ ఆ నిబంధన అమలైతే లాభపడేది సీఎస్ఐ ఆస్పత్రి రోగులే. ఆ హద్దులో మైకు పెట్టేవాళ్లు సీఎస్ఐ వాళ్లయినా, ఇంకే మతం వాళ్లయినా నిబంధన ఒక్కటే.

మతం మాటతో నడిచినా రోడ్డు చట్టంతో తేలగలిగిన గొడవ ప్రొద్దుటూరులోనే ఒకటి జరిగింది. అది చర్చి గొడవ కాదు, విగ్రహం గొడవ. 2021లో పట్టణంలో టిప్పు సుల్తాన్ విగ్రహం పెట్టే ప్రయత్నాన్ని బీజేపీ వ్యతిరేకించింది. అప్పటి రాష్ట్ర అధ్యక్షుడు సోము వీర్రాజు స్వయంగా ప్రొద్దుటూరు వచ్చారు. రెండు వైపులా వాదన టిప్పు ఎవరన్న దాని చుట్టే తిరిగింది. అయితే ఆ ప్రశ్న తేలకుండానే చట్టం చెప్పగలిగిన మాట ఒకటుంది. ప్రజా రహదారుల మీద, కూడళ్లలో విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. అంతకుముందు 2009 సెప్టెంబరు 29న రోడ్లు, పార్కుల్లో అనుమతి లేని గుడి, చర్చి, మసీదు, గురుద్వారా ఏదీ కొత్తగా లేవకూడదని చెప్పింది. ఈ రెండింటిలో విగ్రహం ఎవరిదన్న ప్రశ్న రాదు. గాంధీకీ వర్తిస్తుంది, టిప్పుకీ వర్తిస్తుంది. 2021 మార్చిలోనే అప్పటి గుంటూరు జిల్లా ఎడ్లపాడులో సీతమ్మ పాదాల కొండ మీద శిలువ నిలబెట్టారని బీజేపీ నేత సునీల్ దేవధర్ ఆరోపిస్తే, ఆ కొండ వేరు, శిలువ ఉన్న కొండ వేరని పోలీసులు చెప్పాల్సి వచ్చింది. సర్వే నంబరు ముందు అడిగి ఉంటే ఆ రాద్ధాంతం అంత దూరం పోయేది కాదు.

పులివెందుల సంగతి వేరు. వైఎస్ కుటుంబం క్రైస్తవ కుటుంబం. క్రిస్మస్‌కు మాజీ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి పులివెందుల సీఎస్ఐ చర్చిలో ప్రార్థనకు హాజరవడం ఏటా పత్రికల్లో వచ్చే వార్తే. రాజకీయ పలుకుబడి, ఆరాధన ఒకే వీధిలో ఉన్న ఊళ్లో చర్చి మీద అర్జీ పెట్టడం తేలిక కాదని నా అంచనా. అక్కడి వ్యతిరేకత ఊరి బయట, రాష్ట్ర రాజకీయాల్లో వినబడుతుంది. విచిత్రమేమంటే, మతాన్ని బట్టి స్థలాన్ని విభజించిన ప్రసిద్ధ ఉత్తర్వులు ఆ ఊరి నాయకుడు వై.ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే వచ్చాయి. 2007లో తిరుమల ఏడు కొండలతో పాటు మరికొన్ని హిందూ క్షేత్రాల పరిధిలో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ ప్రభుత్వం ఆర్డినెన్సు, జీవోలు తెచ్చింది. అవి ఎవరు ఏం ప్రచారం చేయకూడదో చెప్పాయి. ఎంత పెద్ద మందిరం ఏ రోడ్డు మీద ఉండాలన్నది వాటి పరిధి కాదు.

అమెరికాలో ఇదే వివాదం రెండు వైపుల నుంచీ కనబడుతుంది. టెక్సస్‌లోని బర్నీ పట్టణంలో సెయింట్ పీటర్ క్యాథలిక్ చర్చి చాలక పెంచబోతే, అది చారిత్రక ప్రాంతమని పట్టణం కాదంది. 1997లో సుప్రీంకోర్టు పట్టణం పక్షాన తీర్పిచ్చింది. దానికి జవాబుగా 2000లో కాంగ్రెస్ మత సంస్థల భూ వినియోగానికి రక్షణనిచ్చే చట్టం చేసింది. కొలరాడోలో బౌల్డర్ కౌంటీ ఒక పెద్ద చర్చి విస్తరణను నిరాకరిస్తే ఆ చట్టం కిందే 2010లో అప్పీలు కోర్టులో చర్చి గెలిచింది. కౌంటీ వాదన పొలాలను కాపాడుకోవడం గురించి, మతం గురించి కాదు. అయినా ఓడింది. అక్కడ పల్లెటూరి స్వరూపం కాపాడాలన్న వాదనకు తగినంత బరువు దక్కలేదని నాకనిపిస్తుంది. మనవాళ్లకు గుర్తుండాల్సిన ఊరు మాత్రం షికాగో దగ్గరి అరోరా. 1985లో అక్కడ బాలాజీ గుడి కట్టబోతే కొందరు క్రైస్తవ నివాసులు విగ్రహారాధన పేరెత్తి నగర కౌన్సిల్ ముందు అభ్యంతరం చెప్పారు. గుడి కట్టడం ఆగలేదు. కడప నుంచి వెళ్లిన తెలుగువాడు ఆ వేంకటేశ్వరుడి దర్శనానికి పోగలిగేది నగరపాలక సంస్థ అనుమతినిచ్చినందువల్లే.

పరిమాణాన్ని కొలిచే సాధనం మన దగ్గర లేదా అంటే, ఉంది. జాతీయ భవన నిబంధనావళి ప్రార్థనా స్థలాలను జనం గుమిగూడే కట్టడాల వర్గంలో చేరుస్తుంది. శాశ్వత వేదిక లేని హాళ్లకు 300 మందిని హద్దుగా పెట్టి పైవాటిని, కిందివాటిని వేరు చేస్తుంది. అగ్నిమాపక శాఖ కూడా జనం గుమిగూడే కట్టడం 500 చదరపు మీటర్ల స్థలానికి గానీ 6 మీటర్ల ఎత్తుకు గానీ మించితే నిరభ్యంతర పత్రం అడుగుతుంది. అంటే నిప్పు గురించి అడిగేటప్పుడు పెద్దదీ చిన్నదీ తేడా తెలుసు, జోన్ గురించి అడిగేటప్పుడు తెలియదు. హైదరాబాదులోని కల్వరి టెంపుల్ వేలమంది పట్టే కొత్త భవనాన్ని 52 రోజుల్లో కట్టామని చెప్పుకుంటుంది. 2013లో అది తెరుచుకుంది. అలాంటిది రేపు ప్రొద్దుటూరు బైపాస్ పక్కన ఎవరైనా తలపెడితే, దానికి ఇంజినీర్లు, లాయర్లు, ఆర్కిటెక్టు అందరూ ఉంటారు. వాళ్లు అన్ని పత్రాలూ తెచ్చుకుంటారు. పత్రం తెచ్చుకోలేనిది డీకేటీ స్థలంలోని నాలుగు సెంట్ల షెడ్డు. పెద్ద చర్చిల మీద పుట్టిన కోపం తేలిగ్గా తీరేది దాని మీదే.

జోన్ జాబితాలో ‘ప్రార్థనా స్థలం’ అన్న ఒక్క మాటను మూడు వందల మంది హద్దుతో రెండుగా విడగొట్టవచ్చు. చిన్నదానికి ఇంటి ప్లానుతో సమానంగా వార్డు స్థాయిలోనే అనుమతి ఇవ్వవచ్చు. పెద్దదానికి రోడ్డు, పార్కింగ్, మైకు లెక్కలు రాసి, ఇరుగుపొరుగుకు ముప్పై రోజుల నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు ఆ మూడు అంశాల మీదే వినాలని నిబంధనలో చేర్చవచ్చు. గుడికీ మసీదుకూ అదే వర్తించాలి. పోలీసు నివేదికను అసలు అడగకూడదా అన్నది వేరే చర్చ. అడిగితే మాత్రం, ఎవరు గొడవ చేస్తారన్న ఊహ కాకుండా జరిగిన సంఘటన, దాని తేదీ, నమోదైన కేసు నంబరు రాయాలన్న షరతు ఉండాలి.