800 గజాల యుద్ధభూమి

గోదావరి ఒడ్డునున్న బూర్గంపాడు ఊరిని ఉన్నది ఉన్నట్టు ఒక స్ట్రాటజీ గేమ్‌లోకి ఎక్కించాలంటే ఎంత స్క్రీన్ కావాలి? లెక్క కట్టి చూద్దాం. 1990ల మొదట్లో ఇళ్లలో ఉన్న కంప్యూటర్ల మీద ఆటలకు దొరికిన పిక్సెళ్లు అడ్డంగా 320, నిలువుగా 200. మనిషి మనిషిలా కనిపించాలంటే తల, భుజాలు, చేతిలో ఆయుధం, కాళ్లు విడివిడిగా తెలియాలి. అందుకు 16 పిక్సెళ్ల ఎత్తయినా ఉండాలి. అయిదున్నర అడుగుల మనిషికి 16 పిక్సెళ్లంటే ఒక్కో పిక్సెల్ సుమారు 4 అంగుళాలు. ఆ లెక్కన మొత్తం స్క్రీన్ మీద పట్టేది 107 అడుగుల పొడవు, 67 అడుగుల వెడల్పు. దాదాపు 800 గజాల జాగా. ఒక ఇల్లు, దొడ్డి, ముందు కాస్త వీధి, అంతే. సారపాక ఒడ్డు నుంచి భద్రాచలం చేర్చే గోదావరి వంతెన పొడవు కిలోమీటరు దాటుతుంది. ఆ ఒక్క వంతెనను చూపడానికే అలాంటి స్క్రీన్లు 30కి పైగా పక్కపక్కన పేర్చాలి. కిన్నెరసాని రేవు నుంచి సారపాక కాగితం మిల్లు దాకా సైన్యాన్ని నడిపించబోతే ఆటగాడికి మౌస్ లాగడమే తప్ప యుద్ధం చేసే పనే ఉండదు.

రియల్ టైమ్ స్ట్రాటజీ ఆటల్లో ఇళ్లు పొట్టిగా, మనుషులు పొడుగ్గా ఎందుకుంటారన్న ప్రశ్నకు జవాబు ఈ 800 గజాల దగ్గరే మొదలవుతుంది. వంతులు లేకుండా ఇరుపక్షాలూ ఒకేసారి కదులుతూ, ఇళ్లు కట్టి, గనులు తవ్వి, సైన్యం పెంచి తలపడే ఆటలివి. వాటి రూపం గట్టిపడింది 1992లో, వెస్ట్‌వుడ్ స్టూడియోస్ చేసిన ‘డ్యూన్ 2’తో. అందులో నేలంతా 16 పిక్సెళ్ల చదరపు గడులు. ట్యాంకుకు ఒక గడి. సైనికుల బ్యారక్స్‌కు రెండు అడ్డం, రెండు నిలువు, మొత్తం 4 గడులు. రాజుగారి ప్యాలెస్‌కు 9. గ్రహాన్ని ఏలే వంశపు రాజభవనం 9 ట్యాంకులు ఆపుకునేంత స్థలంలో కూర్చుంది. ఇది చూసి అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు. పక్కనున్న బటన్ల పట్టీ పోగా యుద్ధభూమికి మిగిలింది అడ్డంగా 15 గడులు, నిలువుగా 10. భవనాన్ని నిజమైన కొలతతో వేస్తే ఆ ఒక్కటే స్క్రీన్ మింగేస్తుంది. ఇక కొట్లాట ఎక్కడ చూపిస్తారు?

1994లో బ్లిజార్డ్ ‘వార్‌క్రాఫ్ట్’ వచ్చింది. 1995లో మళ్లీ వెస్ట్‌వుడ్ నుంచే ‘కమాండ్ అండ్ కాంకర్’. ఇక్కడ గడి 24 పిక్సెళ్లకు పెరిగింది, ఒక్కో గడిలో అయిదుగురు సైనికులు నిలబడే ఏర్పాటు వచ్చింది. ట్యాంకు పక్కన మనిషి చిన్నగా కనిపించడం అప్పుడు కుదిరింది. చిన్న మార్పే గానీ నాకు ముఖ్యమనిపిస్తుంది. యంత్రానికి, మనిషికి మధ్య ఉండే తేడాలో కొంతైనా చూపాలన్న తపన అందులో ఉంది. భవనం మాత్రం ఎప్పటిలా కుంచించుకునే ఉంది.

స్క్రీన్ ఇరుకు ఒక కారణం. ఇంకోటి వేలికొస. ఆటగాడు కదిలే సైనికుడి మీద మౌస్ బాణం పెట్టి నొక్కాలి, గుంపులో విలుకాడెవరో ఈటెవాడెవరో రెప్పపాటులో పోల్చుకోవాలి. ఈ ఆటల్లో గెలుపోటములు ఆ పోల్చుకోవడం మీదే నిలుస్తాయి. ఎవరిని ఎక్కువసార్లు వెతకాలో, నొక్కాలో వాళ్లను పెద్దగా వేశారు. ఇల్లు ఎక్కడికీ కదలదు, దాన్ని ఎంత చిన్నగా వేసినా దొరుకుతుంది. పాత కంప్యూటర్ల మెమరీ కూడా పెద్ద బొమ్మలకు చాలేది కాదు.

మన దగ్గర ఎక్కువమందికి ఈ రకం ఆటను పరిచయం చేసింది ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ వరస. ఎన్‌సెంబుల్ స్టూడియోస్ 1997లో మొదటిది, 1999లో రెండోది తెచ్చింది. ఆ రెండోదాని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే కొలతల గొడవలో అది ఒక మలుపు. అందులో ఇల్లు 2×2 గడులు, బ్యారక్స్ 3×3, కోట 4×4, వండర్ అనే మహానిర్మాణం 5×5. గోడలు ఎత్తు పెరిగాయి, ద్వారాల గుండా సైన్యం నడిచిపోయింది, టౌన్ సెంటర్ చూరు కింద జనం నిలబడగలిగారు. భవనం భవనంలా అనిపించింది. అలా అనిపించగానే కొత్త చిక్కు వచ్చింది: ఎత్తైన గోడ వెనకున్న సైనికుడు కనపడకుండా పోయాడు. దానికి వాళ్లు పట్టిన ఉపాయం, దాగిన మనిషి రూపురేఖను అతని పక్షం రంగు గీతతో గోడ మీదుగానే చూపించడం. భవనం పెరిగితే మనిషి మరుగవుతాడు, మనిషిని చూపాలంటే భవనం పారదర్శకం కావాలి. నిజమైన కొలత వైపు వేసిన ప్రతి అడుగుకీ ఇలాంటి మూల్యం ఒకటి చెల్లించాల్సి వచ్చింది.

అదే ఆటలో మరో లెక్క చూడండి. మామూలు విలుకాడి బాణం దూరం 4 గడులు. రెండు ఇళ్లు పక్కపక్కన కడితే 4 గడులు. వేసిన బాణం రెండిళ్ల అవతలికి పోదన్నమాట! విల్లు ఎరిగిన కోయ పెద్దలెవరికి చెప్పినా ఒప్పుకోరు. కాలం సంగతీ అంతే. టౌన్ సెంటర్‌లో కొత్త విలేజర్ తయారు కావడానికి 25 సెకన్లు. 25 సెకన్లలో మనిషి పుట్టి పెద్దవాడై గొడ్డలి పట్టుకు రావడాన్ని ఏ ఆటగాడూ తప్పు పట్టడు, కోట మాత్రం చిన్నదైందంటాడు. కాలాన్ని, దూరాన్ని నొక్కినా మనసు సర్దుకుంటుంది. ఆకారాన్ని నొక్కితే కన్ను ఊరుకోదు. ఈ ఆటలు మూడింటినీ కలిపే నొక్కాయి. ఆకారం ఒక్కదాన్నే సరిచేస్తామంటే మిగతా రెండూ దారి తప్పుతాయి. కోటను నిజమైన పరిమాణానికి పెంచి బాణం దూరాన్ని అలాగే ఉంచితే, కోట ఈ మూలన ఉన్న విలుకాడు ఆ మూలన ఉన్న శత్రువును అందుకోలేడు.

ఈ సర్దుబాటు కంప్యూటర్‌తో పుట్టింది కాదు. గుడి అరుగుల మీద గీసుకుని ఆడే పులిజూదంలో 3 పులులు, 15 మేకలు. పులికైనా మేకకైనా నిలబడేందుకు గీతలు కలిసే ఒక్క చోటే. చదరంగంలో ఏనుగుకూ బంటుకూ సమానంగా ఒక్కో గడి. అక్కడ కొలతల ఊసే లేదు, ఎవరూ అడగలేదు కూడా. యుద్ధాన్ని కొలతలతో సహా బల్ల మీద పెట్టాలన్న పట్టుదల ప్రష్యాలో కనిపిస్తుంది. అక్కడ రైస్‌విట్జ్ అనే అధికారి 1812లో ‘క్రీగ్‌ష్పీల్’ అనే యుద్ధక్రీడను తయారుచేశాడు. అతని కొడుకు 1824లో దాన్ని 1:8000 స్కేలు మ్యాప్ మీదికి తెచ్చి సైన్యాధికారుల శిక్షణకు పనికొచ్చేలా తీర్చిదిద్దాడు. దళం నిజంగా ఎంత వెడల్పు నేలను ఆక్రమిస్తుందో ఆ స్కేలుకే దళానికి గుర్తుగా పెట్టే దిమ్మె పొడవు కోశారు. ఆ స్కేలులో నిలువెత్తు మనిషి మిల్లీమీటరులో అయిదో వంతు. సూదిమొన కూడా కాదు. కాబట్టి మనిషి బొమ్మ పోయి రంగు దిమ్మె మిగిలింది. కొలత నిలబడింది, మనిషి రూపం మాయమైంది.

సుమారు తొంభై ఏళ్ల తర్వాత, 1913లో, ఆంగ్ల రచయిత ఎచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. బొమ్మ సైనికులతో నేల మీద ఆడే యుద్ధమది, దిమ్మెలతో కట్టిన ఇళ్లూ ఉంటాయి. అక్కడ సైనికుడు చేత్తో పట్టుకునేంత పెద్దవాడు, ముఖం తెలుస్తుంది, పడిపోతే బాధేస్తుంది. తర్వాత వచ్చిన బొమ్మల యుద్ధాల ఆటగాళ్లు ఇంకా తెగించి మనిషి బొమ్మకు ఒక స్కేలు, నేలకు వేరే స్కేలు అని నియమమే పెట్టుకున్నారు. కంప్యూటర్ ఆటలు వారసత్వంగా అందుకున్నది ఈ రెండు స్కేళ్ల ఒప్పందాన్నే.

ఇంకా వెనక్కి వెళితే ఈ ఒప్పందం మన కృష్ణా తీరంలో రాతి మీదే కనిపిస్తుంది. అమరావతి మహాచైత్యం అనే బౌద్ధ స్తూపం వ్యాసం సుమారు 160 అడుగులు. బ్రిటిష్ అధికారుల్లో 1790ల చివర కోలిన్ మెకంజీ దాన్ని చూశాడు, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. దాని రాతి పలకలు కొన్ని ఇవాళ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో స్తూపం మీద స్తూపాన్నే చెక్కిన పలకలున్నాయి: అండం, ప్రాకారం, అయిదు ఆయక స్తంభాలు, ద్వారం దగ్గర సింహాలు, మొక్కుతున్న జనం, పైన ఎగిరే గంధర్వులు. నాలుగడుగుల వెడల్పు పలక మీద అంత స్తూపాన్ని నిజమైన దామాషాలో చెక్కాలంటే భక్తుడి ఎత్తు అంగుళంన్నర దాటకూడదు. శిల్పి అలా చెక్కలేదు. భక్తులు నడుము వంపుతో, చేతి కంకణాలతో, మొక్కే వేళ్లతో సహా తెలిసేంత పెద్దగా ఉన్నారు. వాళ్ల ముందు స్తూపం కుంచించుకుపోయింది. చూసేవాడికి స్తూపం ఏదో తెలియాలి, మొక్కడమూ కనిపించాలి. రెండూ ఒకే పలకలో పట్టాలి. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ చిత్రకారుల ముందున్న సమస్య సరిగ్గా ఇదే. పరిష్కారమూ ఇదే. అందుకే ఈ ఆటల బొమ్మల్ని ‘తప్పుడు కొలతలు’ అనడం నాకు నచ్చదు.

పైగా ఆ శిల్ప సంప్రదాయంలో కొలతలకు శాస్త్రమే ఉంది. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని ఎత్తును లెక్కగట్టే తాళమానంలో ముఖ్య దేవతలకు దశతాళం, మామూలు మనుషులకు అష్టతాళం, మరుగుజ్జు గణాలకు నాలుగు తాళాలు. ఎవరు ముఖ్యులో వాళ్ల కొలత పెరుగుతుంది. చేర్యాల నకాషీ పటాల్లో కథానాయకుడు నిలబడితే మేడ తోరణం అతని తలకు కాస్త పైన ఆగిపోతుంది. 2002లో ‘వార్‌క్రాఫ్ట్ 3’ హీరోలను మామూలు సైనికులకన్నా పెద్దగా వేసింది. ఆ నిర్ణయాన్ని ఏ నకాషీ చిత్రకారుడికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

నిజమైన కొలతలు కావాలన్న కోరిక మాత్రం ఆగలేదు. దాన్ని గౌరవించి ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు. ఉక్రెయిన్‌కు చెందిన జీఎస్‌సీ గేమ్ వరల్డ్ 2001లో తెచ్చిన ‘కొసాక్స్’లో భవనాలు భారీగా, సైనికులు చీమల బారుల్లా ఉంటారు. వేలమందిని ఒకేసారి నడిపించవచ్చు, ఒక్కడిని మాత్రం గుర్తుపెట్టుకోలేం. అదే ఏడాది ‘స్ట్రాంగ్‌హోల్డ్’ కోటగోడ మీద విలుకాళ్లను నడిపించింది, కానీ ఆట కోట చుట్టూ ఉన్న నేలకే పరిమితమైంది. 2006లో ‘కంపెనీ ఆఫ్ హీరోస్’ కెమెరాను బాగా దించింది. సైనికుడు నిజంగా ఇంట్లోకి దూరి కిటికీలోంచి కాల్చాడు. అందుకోసం సామ్రాజ్యాన్ని వదులుకుని కొద్దిపాటి దళాలతో సరిపెట్టుకుంది. 2007లో ‘సుప్రీం కమాండర్’ ఎదురు దిక్కున పోయింది: అతిపెద్ద మ్యాప్ 81 కిలోమీటర్లు అడ్డం, 81 నిలువు. ఖమ్మం నుంచి బయల్దేరితే భద్రాచలం దారిలో చాలావరకు అందులో పట్టేస్తుంది. అంత దూరం చూడాలని జూమ్ వెనక్కి లాగితే యుద్ధయంత్రాలన్నీ చిన్న చిన్న గుర్తులుగా మారిపోతాయి. 1824 నాటి ప్రష్యన్ దిమ్మె తిరిగొచ్చింది.

ఇన్ని ప్రయత్నాల్లో నాకు ప్రాణమైనది ‘జీరో ఏ.డి.’. 2001లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’కు చేర్పుగా మొదలై విడి ఆటగా ఎదిగింది. 2009లో దాని సోర్స్ కోడ్ అందరికీ తెరిచారు. అందులో మౌర్యులున్నారు, బరువులు మోసే ఏనుగులున్నాయి, అశోకుడి శాసన స్తంభం కట్టుకోవచ్చు. ఆటలోని ప్రతి భవనానికీ, ప్రతి మనిషికీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ఆ ఫైలులో రెండు కొలతలు వేర్వేరుగా రాసి ఉంటాయి. ఎంపిక చేసినప్పుడు నేల మీద వెలిగే గీత ఎంత స్థలం చుట్టాలన్నది ఒకటి, ఎదురొచ్చే సైన్యాన్ని ఎంత మేర అడ్డుకోవాలన్నది రెండోది. బొమ్మ ఎత్తు ఈ రెండింటికీ సంబంధం లేకుండా వేరేగా ఉంటుంది. చూసే కొలత, అడ్డుకునే కొలత ఒకటే కానక్కర్లేదని అక్కడ నేరుగా చేత్తో పట్టుకుని చూడొచ్చు. బూర్గంపాడులో ఇంటర్ చదివే కుర్రాడెవరైనా ఆ ఫైలు తెరిచి మౌర్యుల ఇంటి అంకెల్ని మార్చి, తడిక గోడలు, ముందుకు దిగిన చూరు ఉన్న కోయ ఇంటిని అక్కడ నిలబెట్టవచ్చు. మొదట నిజమైన కొలతతోనే కట్టి చూడమంటాను. తర్వాత చూరు కింద నిలబడ్డ మనిషి మౌస్‌కు దొరికేదాకా ఇంటిని ఎంత తగ్గించాల్సి వచ్చిందో ఆ అంకెలు చూసుకుంటే చాలు.