డిగ్రీలోనే రీసెర్చ్: ప్రాజెక్టుకు డబ్బు ఎవరిస్తారు, అప్లికేషన్ ఎలా పెట్టాలి?

డిగ్రీ చదివే పిల్లలకు పరిశోధన కోసం డబ్బు ఇస్తారంటే గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో నమ్మరు. స్కాలర్‌షిప్ తెలుసు, ఫీజు రీయింబర్స్‌మెంట్ తెలుసు. రీసెర్చ్ అనగానే అది పీహెచ్‌డీ వాళ్ల వ్యవహారం అనుకుంటారు. ఆ పీహెచ్‌డీ వాళ్లకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా కేంద్రం 2022లో ఆపేయడంతో ఇక మనకేం మిగల్లేదన్న మాట గట్టిపడింది. కానీ బీఎస్సీ, ఎంబీబీఎస్ పిల్లలకు పనికొచ్చే పథకాలు కొన్ని ఉన్నాయి. వాటికి మతం, కులం చూడరు. మార్కులు, రాసిచ్చిన కాగితం చూస్తారు.

అమెరికాలో ఎంఐటీ 1969లోనే డిగ్రీ విద్యార్థులను ప్రొఫెసర్ల పక్కన కూర్చోబెట్టి పరిశోధన చేయించే కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడి యూనివర్సిటీలు చాలావరకు సొంత నిధుల నుంచే ఈ గ్రాంట్లు ఇస్తాయి. మన దగ్గర ఈ స్థాయిలో డబ్బు ఎక్కువగా కేంద్ర సంస్థల నుంచి వస్తుంది. కాలేజీ పని ఉత్తరం ఇవ్వడం, గైడ్‌ను చూపించడం.

వీటిలో పెద్దది ఇన్‌స్పైర్ 'షీ' స్కాలర్‌షిప్. పేరు చూసి ఆడపిల్లలకే అనుకోవద్దు, అందరికీ. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇచ్చే దీని విలువ ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 నేరుగా విద్యార్థికి. మిగతా 20,000 ఎండాకాలంలో ఒక గైడ్ దగ్గర చేసే పరిశోధన ప్రాజెక్టుకు ముడిపెట్టినది. ఇంటర్‌లో తమ బోర్డు టాప్ ఒక శాతంలో నిలిచి, బీఎస్సీ లేదా ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలో సహజ విజ్ఞాన శాస్త్రాలు చదివేవాళ్లు అర్హులు. ఇంజినీరింగ్‌లో చేరితే రాదు. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చినా బీటెక్ ఖర్చు భరించలేక రాజమండ్రి ప్రభుత్వ కాలేజీలోనో, కాకినాడ పీఆర్ ప్రభుత్వ కాలేజీలోనో బీఎస్సీలో చేరిన పిల్లలు మొదట అడగాల్సింది దీని గురించే. చేరిన మొదటి ఏడాదే అప్లై చేయాలి. తర్వాత చూద్దాంలే అంటే అయిపోయినట్టే.

రెండోది బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మరో రెండు జాతీయ సైన్స్ అకాడమీలతో కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. ఎంపికైన విద్యార్థి వేసవిలో రెండు నెలలు దేశంలో ఏదో ఒక పరిశోధనాలయంలో ఒక శాస్త్రవేత్త దగ్గర పని చేస్తాడు. నెలనెలా స్టైపెండ్ ఉంటుంది, రైలు ఛార్జీలు ఇస్తారు. దరఖాస్తు గడువు సాధారణంగా నవంబరు ఆఖరు. మార్కులతో పాటు ఏం చేయాలనుకుంటున్నారో రాసిన చిన్న వ్యాసం, లెక్చరర్ ఇచ్చే సిఫారసు కీలకం. ఐఐటీ హైదరాబాద్ కూడా 'ష్యూర్' పేరుతో ఇలాంటి వేసవి కార్యక్రమం నడుపుతుంది.

ఎంబీబీఎస్, బీడీఎస్ చదివేవాళ్లకు ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. 1979 నుంచి నడుస్తోంది. సొంత కాలేజీ ప్రొఫెసర్ గైడ్‌గా రెండు నెలల ప్రాజెక్టు. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ పిల్లలు ఊరు దాటక్కర్లేదు. మనుషుల మీద చేసే పరిశోధన కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. రిపోర్టు ఆమోదం పొందాకే డబ్బు, సర్టిఫికెట్.

కామర్స్, ఆర్ట్స్ వాళ్లకు మాత్రం డిగ్రీ స్థాయిలో దారి ఇరుకే. ఐసీఎస్ఎస్ఆర్ ఫెలోషిప్‌లు పీహెచ్‌డీ నుంచి మొదలవుతాయి. నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్‌కు డిగ్రీ రెండో ఏడాది దాటినవాళ్లు అప్లై చేయొచ్చు గానీ జీతం ఉండదు. అయితే యూజీసీ 2022 డిసెంబరులో తెచ్చిన నాలుగేళ్ల డిగ్రీ నిబంధనల్లో ఒక సంగతి ఉంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం పైన తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏట 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేసి 'ఆనర్స్ విత్ రీసెర్చ్' పట్టా పొందొచ్చు. ఇది గ్రాంటు కాదు, కానీ రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో పనికొచ్చేది.

ఇక టాపిక్. దీని కోసం గూగుల్ చుట్టూ తిరగక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలని నిబంధన వచ్చింది. ఎక్కువమంది పాత రిపోర్టు కాపీ కొట్టి సంతకం పెట్టించుకుంటారు. బుద్ధిగా నలభై ఇళ్లు తిరిగి లెక్క రాసుకుంటే అదే గ్రాంటు ప్రతిపాదనకు మొదటి పేజీ. భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల ఉప్పునీరు పక్క పొలం బోరులోకి దిగుతోందా, కడియం నర్సరీ కూలీల చేతులపై పురుగుమందు ఏం చేస్తోంది, కోనసీమలో కొబ్బరి పీచు పొట్టు ఎటు పోతోంది లాంటి ప్రశ్నలు బయటివాళ్లకు తట్టవు. నరసాపురంలో ఇంటి అరుగు మీద లేసు అల్లే ఆడవాళ్ల కూలి లెక్కల మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో ప్రచురించిన పుస్తకం ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతున్నారు. ఆ అరుగులు మనవే, ప్రశ్న అడిగింది ఆమె.

అప్లికేషన్లో పిల్లలు ఎక్కువగా తడబడేది బడ్జెట్ దగ్గర. గుండ్రంగా '25,000' అని రాసిన కాగితాన్ని ఎవరూ నమ్మరు. 15 చెరువులు, ఒక్కోదాని నుంచి రెండుసార్లు నీళ్లు, మొత్తం 30 శాంపిళ్లు, పరీక్షకు 300 చొప్పున అనుకుంటే 9,000. బస్సు ఛార్జీలు ఎన్ని రోజులు, రోజుకెంత. ప్రింటింగ్ ఎంత. ఇలా గుణకారం కనబడాలి. ల్యాప్‌టాప్, ఫోన్ లాంటివి పెడితే అక్కడే కొట్టేస్తారు. డబ్బు కాలేజీ ఖాతాకు వచ్చే గ్రాంటయితే ఖర్చయ్యాక వినియోగ ధ్రువపత్రం కావాలి, కేంద్ర నిధులకు దాని నమూనా జీఎఫ్‌ఆర్ 12-ఏ. మొదటి రోజు నుంచే బిల్లులు ఒక కవర్లో దాచాలి. తేదీ లేని బిల్లు బిల్లు కాదు. మిగిలిన డబ్బు వెనక్కి కట్టాలి, అందులో నామోషీ లేదు.

ఇళ్లలో అసలు ఆగిపోయే చోటు వేరే. అమ్మాయికి బెంగళూరులో సీటొస్తే రెండు నెలలు ఒంటరిగా ఎలా పంపాలన్న ప్రశ్న. దానికి కోపం తెచ్చుకోనక్కర్లేదు, అడిగి తెలుసుకోవాలి. క్యాంపస్ హాస్టలా, బయట గదా, గైడ్ ఎవరు అన్నవి ఎంపిక ఉత్తరం వచ్చాక ఆ సంస్థకు మెయిల్ పెడితే చెబుతారు. అబ్బా ఒకసారి వెంట వెళ్లి చూసొస్తే సగం భయం పోతుంది. రెండో చిక్కు చేతిలో డబ్బు. స్టైపెండ్ తర్వాత వస్తుంది, టికెట్, హాస్టల్ అడ్వాన్సు ముందు కట్టాలి. ఆ పది, పదిహేను వేలకు వడ్డీకి తేవడం కన్నా మహల్లా కమిటీ ఖర్జె హసనా ఇస్తే స్టైపెండ్ రాగానే తీర్చేయొచ్చు. ఈ గడ్డకు ఇది కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల్లో అమెరికా చదువుకు బయల్దేరింది మామగారు కూర్చిన డబ్బుతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ ఇచ్చిన సాయం హామీతోనే.

చివరిగా పేర్ల సంగతి. పదో తరగతి మెమోలో 'షేక్', ఆధార్‌లో 'ఎస్‌కే', బ్యాంకు పుస్తకంలో 'బేగం' ఎగిరిపోయి ఉంటుంది. మంజూరైన డబ్బు కూడా ఈ తేడా దగ్గర ఆగిపోగలదు. మెమో మార్చడం కన్నా ఆధార్‌ను, బ్యాంకు ఖాతాను మెమోలో ఉన్నట్టు దిద్దించుకోవడం తేలిక. నవంబరు గడువుకు ఆగస్టులోనే ఈ పని పెట్టుకోవాలి.