నొప్పికి సాక్ష్యం ఎవరు?

దొనకొండ చుట్టుపక్కల దళితవాడల్లో నొప్పికి చాలా మాటలున్నాయి. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, గుంజుడు వేరు. నడుం పట్టేసిందనీ, మెడ తిరగట్లేదనీ, కాళ్ళు మొద్దుబారినయ్యనీ మనవాళ్ళు విడమరిచి చెప్తారు. ఆసుపత్రి చీటీలోకి వచ్చేసరికి ఇవన్నీ "ఒళ్ళు నొప్పులు" అన్న ఒక్క ముక్కగా మారిపోతాయి. కూలిపని చేసే ఒంటికి నొప్పులు మామూలేనన్న తీర్పు ఆ ముక్కలోనే ఉంది. ఆ తీర్పు ఎంత తప్పో ఈ ప్రాంత చరిత్రే చెబుతుంది.

దొనకొండ నుంచి దర్శి, పొదిలి, కనిగిరి దాకా ఇది మెట్ట నేల. వానలు తక్కువ. తాగడానికి బావులు, బోర్లే దిక్కు. నేల అడుగున రాళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ నీళ్ళలో కరుగుతుంది. దానికి రంగూ వాసనా లేవు గనుక తాగేవాళ్ళకు తెలియదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా (1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది) దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. అందుకే వైద్య చరిత్రలో ఈ జబ్బు నెల్లూరు పేరుతో కనబడుతుంది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. మన దేశంలో మనుషుల ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌ను వర్ణించిన తొలి రచనల్లో అది ఒకటి.

అంతకు రెండు మూడేళ్ళ ముందే ఈ జబ్బును పశువుల్లో పశువైద్యులు నమోదు చేశారు. మనిషి కంటే ముందు ఎద్దు నొప్పి ఎందుకు లెక్కలోకి వచ్చింది? కీళ్ళు పట్టేసి అరక లాగలేని ఎద్దు వల్ల ఆసామికి నష్టం. నడుం వంగని కూలీ స్థానంలో మర్నాడు ఇంకో కూలీ వస్తాడు. మేము దీన్ని ఇలాగే అర్థం చేసుకుంటున్నాం.

1937 నాటి వైద్యులు జబ్బు ముదిరే వరుసను కూడా రాశారు. మొదట కాళ్ళూ చేతుల్లో తిమ్మిరి. తర్వాత నడుములో నొప్పి, బిగుసుకుపోవడం. చివరికి వెన్నెముక మొత్తం ఒక కర్రలా అయిపోవడం. బిగుసుకున్న వెన్నును డాక్టరు కంటితో చూడగలడు, ఎక్స్‌రే తీయగలడు. తిమ్మిరి, నొప్పి అలా కాదు, అనుభవించినవాళ్ళు నోరు తెరిచి చెప్పాల్సిందే. అంటే ఆ శాస్త్రంలో సగం రోగుల మాటలే. చరిత్రలో మిగిలినవి మాత్రం డాక్టర్ల పేర్లు.

1940లో పండిట్, ఆయన సహచరులు మరో సంగతి బయటపెట్టారు. ఎముకలు ఎంతగా పాడవుతాయన్నది నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ మీదే ఆధారపడదు, తిండి మీద, ముఖ్యంగా సి విటమిన్ లోటు మీద కూడా ఆధారపడుతుంది. ఎండలో పనిచేసేవాళ్ళు ఎక్కువ నీళ్ళు తాగుతారు, ఆ నీళ్ళతో ఎక్కువ ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతుంది. ఇక లెక్క కట్టుకోండి. ఎక్కువ చెమటోడ్చేది ఎవరు? తక్కువ తినేది ఎవరు? రాయికి కులం లేదు. ఊరి బావికీ వాడ బావికీ అడుగున ఉన్నది ఆ రాయే. కానీ ఈ బావి చేదైతే ఇంకో బావికి పోయే హక్కు అందరికీ లేదు. 1927లో అంబేద్కర్ మహద్ చెరువు నీళ్ళు తాగింది ఈ హక్కు కోసమే. ప్రకాశం జిల్లాలోనే, 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను చంపడానికి దారితీసిన గొడవ వాళ్ళ మంచినీళ్ళ చెరువు దగ్గరే మొదలైంది. నీళ్ళను ఎంచుకోలేకపోవడం ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకల్లోకి దిగుతుంది.

మరి వైద్యం? నొప్పి పుడితే మనవాళ్ళు ముందు పోయేది ఊళ్ళో ఆరెంపీ దగ్గరికి. ఒక సూది, నాలుగు బిళ్ళలు. ఆ పూట పనికి పోగలుగుతారు. గుంటూరు పెద్దాసుపత్రికి దొనకొండ నుంచి రైలుంది, పోయి రావడానికి కూలి పోతుంది. ఎముకల్లో పేరుకుపోయిన ఫ్లోరైడ్‌ను తీసేసే మందు లేదు. నొప్పి బిళ్ళలు నొప్పిని తగ్గిస్తాయి, జబ్బును ఆపవు. పైగా వాటిని ఏళ్ళ తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేవి ఆ మూత్రపిండాలే. బిళ్ళ వేసుకున్నవాళ్ళను తప్పుపట్టడానికి మేము ఈ మాట అనడం లేదు. నొప్పి తగ్గించుకోవడం వాళ్ళ హక్కు. మంచినీళ్ళు ఇవ్వకుండా బిళ్ళలతో సరిపెట్టే ఏర్పాటునే మేము తప్పుపడుతున్నాం.

ఉపాయం తెలియక కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతి 1970లలోనే వచ్చింది. ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం 2008-09లో మొదలైంది. ఈ పడమటి ప్రాంతానికి కృష్ణా నీళ్ళు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేస్తే, రెండో సొరంగం తవ్వడం ముగిసేసరికి 2024 వచ్చింది. 1937లో పేరు పెట్టిన నొప్పికి ఇన్నేళ్ళ వాయిదా ఎలా సాధ్యమైంది? ఆ నొప్పి పడేవాళ్ళ మాటకు విలువ లేదు గనుక.

కాబట్టి ఉద్యమ మిత్రులనూ, విద్యార్థులనూ, టీచర్లనూ మేము రెండు పనులు అడుగుతున్నాం. మీ వాడలో తాగే బోరు నీళ్ళను పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు. రెండోది, పెద్దవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ నొప్పిని వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ పట్టేసింది, అప్పుడు ఏ బావి నీళ్ళు తాగుతున్నారు అని అడగండి. ఆ రాతలు పరీక్ష కాగితం పక్కన పెట్టి చూపిస్తే, వాటిని "ఒళ్ళు నొప్పులు" అని కొట్టేయడం ఏ ఆఫీసుకైనా కష్టమే.